వెనక జేబు లేని పంచె

మా ఇంట్లో నా కుడి భుజానికున్న పరపతి నాకు లేదు. గ్యాస్ సిలిండర్ జరపాలంటే భుజం నొప్పి. గ్రైండర్లో రాయి ఎత్తి కడగాలంటే భుజం నొప్పి. కొళాయి నీళ్లొచ్చే రోజు బిందెలు మొయ్యాల్సి వస్తే ఆ నొప్పి వేళ్ల దాకా పాకేది. క్యారమ్స్ బోర్డు ముందు కూర్చున్నప్పుడు మాత్రం మర్యాదగా పక్కకు తప్పుకునేది. నొప్పి అబద్ధం కాదు. ఉంది. నేను దానికి కాస్త ప్రచారం చేసిపెట్టాను, అంతే.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి ఎముకకేం కాలేదన్నాడు. కండను ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు ఎక్స్‌రేలో సరిగా కనబడవు, అల్ట్రాసౌండ్ తీయించుకోమన్నాడు. తమిళనాట మా కోవిల్‌పట్టిలో స్కాన్ సెంటర్లకు కొదవా? అయినా కీళ్లు చూడటంలో ఆరితేరినవాళ్లు విరుదునగర్‌లోనే ఉన్నారని పట్టుబట్టాను. అసలు సంగతి విరుదునగర్ నూనె పరోటా. మా ఆవిడ మారు మాట్లాడకుండా బయల్దేరింది. అప్పుడే అనుమానపడాల్సింది.

స్కాన్ అంటే కడుపు ఖాళీగా ఉండాలి, మూత్రం నిండుగా ఉండాలి అన్నది నాకున్న వైద్య పరిజ్ఞానం. పొద్దున ఇడ్లీ వద్దన్నాను. బస్సెక్కగానే సీసాలు ఖాళీ చెయ్యడం మొదలెట్టాను. పక్కన మా ఆవిడ కడలై మిఠాయి విరుచుకుని తింటోంది. 2020లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న మా ఊరి పల్లీపట్టీని అంత దగ్గరగా చూస్తూ నిగ్రహించుకోవడం రుషులకైనా కష్టమే. సాత్తూర్ వచ్చేసరికి నాకు ఆకలి సంగతి గుర్తు లేదు, రెండోదే గుర్తుంది. రోడ్డు మీది ప్రతి గుంతా దాన్నే గుర్తు చేసింది.

"భుజానికా సార్? దానికి నీళ్లెందుకు తాగారు?" అంది కౌంటర్లో అమ్మాయి. ఉపవాసమూ, నీళ్లూ పొట్ట స్కాన్ల సంగతట. కండరాలకూ కీళ్లకూ ఏ నియమమూ లేదు. కడుపునిండా తిని, వేసుకునే మాత్రలు వేసుకుని, తేలిగ్గా విప్పుకునే చొక్కాతో వస్తే చాలునట. ఆ అమ్మాయి చెప్పడం పూర్తయ్యేలోపే నేను అక్కడ లేను.

తిరిగొచ్చేసరికి మా ఆవిడ గోడ మీది బోర్డు చదువుతోంది. కడుపులో ఉన్నది ఆడో మగో ఇక్కడ చెప్పరు, అది నేరం అని. 1994 నాటి చట్టం ప్రకారం ప్రతి స్కాన్ సెంటర్లోనూ ఉండే బోర్డే. "మీకేం భయం లేదు మామా" అని ధైర్యం చెప్పింది.

లోపల పడుకోబెడతారనుకున్నాను. గుండ్రటి స్టూలు మీద కూర్చోబెట్టారు. చొక్కా తీశాను. ఆ రోజే చిల్లుల బనియన్ వేసుకొచ్చిన విషయం అందరికీ ఒకేసారి తెలిసింది. డాక్టరమ్మ భుజానికి చల్లటి జెల్ రాసింది. చర్మానికీ దాని మీద ఆనించే పరికరానికీ మధ్య గాలి చిక్కుకుంటే శబ్దం అక్కడి నుంచే వెనక్కి పోతుందట, అందుకే జెల్. మన చెవి సెకనుకు 20 వేల కంపనాల దాకా వింటుంది. ఈ స్కాన్‌లో వాడేది కోటికి అటూఇటూ. రేడియేషన్ లేదు, సూది లేదు, నొప్పి ఉన్నచోట నొక్కితే కాస్త కలుక్కుమనడం తప్ప బాధ లేదు.

బాధంతా ఆ తర్వాత. ఎక్స్‌రేకు బిగుసుకుని నిలబడితే సరిపోతుంది. ఇది కదిలిస్తూ చూసే పరీక్ష. అరచెయ్యి తొడ మీద వెల్లకిలా పెట్టమంది. మోచెయ్యి ఒంటికి ఆనించి ముంజేతిని బయటికి తిప్పమంది. తర్వాత "వెనక జేబులో చెయ్యి పెట్టుకున్నట్టు పెట్టండి" అంది. అలా పెడితే భుజం ఎముక కింద దాక్కునే స్నాయువు బయటికి జరిగి కనబడుతుందట. నేను కట్టుకున్నది పంచె. లేని జేబు కోసం నడుం వెనక తడుముకుంటున్నాను.

"పర్సు నా దగ్గరే ఉందిలెండి" అంది మా ఆవిడ.

చెయ్యి పక్కకు ఎత్తమన్నారు. సగం దాకా ఎత్తి ముఖం చిట్లించాను. అప్పుడు మా ఆవిడ తెలుగులో, రహస్యంగా అనుకుంటూ, "పండక్కి అటక మీది బూందీ డబ్బా అందుకున్నప్పుడు ఇంకా పైకి లేచిందే" అంది. తెలుగు మా ఇంటి రహస్య భాష. ఈ కరిసల్ (నల్లరేగడి) సీమలో అది రహస్యమని మేం నమ్మడమే వింత. తెలుగు మాట్లాడే వలస జనం కథను 'గోపల్ల గ్రామం'గా 1976లో తమిళంలో రాసిన కి. రాజనారాయణన్‌ది మా కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసేవలే.

"డబ్బా అందినంత ఎత్తుకు ఎత్తండి అన్నా" అంది డాక్టరమ్మ, మా తెలుగులోనే.

ఎత్తాను. తెరమీద బూడిదరంగు చారలు ఎముక కిందికి నున్నగా జారిపోయాయి. పోల్చి చూడ్డానికి ఎడమ భుజం కూడా చూసింది. అరగంట లోపే అంతా అయిపోయింది. స్నాయువు తెగలేదు, కాస్త వాచింది, పక్కనున్న సంచిలో కొంచెం నీరు చేరింది. చికిత్స సంగతి పంపిన డాక్టరే చెబుతాడంది. ఆయన తర్వాత చెప్పింది వ్యాయామం: గోడ మీద వేళ్లతో మెల్లగా పైకి పాకించడం. ఏ గోడ మీద, చేతిలో దుమ్ము గుడ్డతోనా లేకుండానా అన్నది ఇంట్లో నిర్ణయమైంది.

గదిలోంచి బయటికొచ్చే ముందు మాత్రం నేను అమాయకంగా ఒక ప్రశ్న వేశాను. ఈ మిషనుకు కనబడనివి ఏమన్నా ఉంటాయా అని. ఉంటాయంది. శబ్దం ఎముకను దాటి పోలేదు, ఎముక పైఅంచు తెల్లగీతలా కనబడి వెనకంతా చీకటే. లోతుగా ఉండే వెన్నుపూసల మధ్య డిస్కుల్లాంటివి చూడాలంటే ఎమ్మారైకే వెళ్లాలి. బుద్ధిగా తలూపాను. ఆ పూట పరోటాను సాల్నాలో కుడిచేత్తోనే చిదుముకుని తిన్నాను. దాచడానికి ఇంకేముంది?

తర్వాతి సిలిండర్ వచ్చిన రోజు నడుం పట్టుకుని గుమ్మంలోనే కూర్చున్నాను.

"దానికి ఎమ్మారై తీయిద్దాం మామా" అంది మా ఆవిడ. "అందులో కదలకుండా చాలాసేపు పడుకోవాలట. మీకదేం కష్టం కాదులెండి."