బుల్లెట్టు బాబాయి

ఆదివారం పొద్దున్న ఆరింటికి మా వీధిలో ముందు వినిపించేది కోడికూత కాదు, పాలవాడి హారనూ కాదు. "థడ్" అని ఒక చప్పుడు. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ "థడ్". ఇరవయ్యోదో ఇరవై అయిదోదో థడ్ అయ్యాక "ఓలమ్మో!" అని ఒక మగగొంతు. దాంతో వీధి యావత్తూ నిద్ర లేస్తుంది. బుల్లెట్టు బాబాయికి కిక్కు ఎదురు కొట్టిందన్నమాట.

ఇలాంటి బాబాయి విశాఖపట్నంలో పేటకొకడు తప్పడు. మర్రిపాలెంలో రైల్వే బాబాయి, మల్కాపురంలో షిప్‌యార్డు బాబాయి, ఎంవీపీ కాలనీలో బ్యాంకు బాబాయి. నాకు దగ్గరగా తెలిసినవాడు కూర్మన్నపాలెం ఉక్కు బాబాయి. అరవై నిండాయి, పిల్లలు ఎగిరిపోయారు, బీపీ వచ్చింది, గ్రాట్యుటీ కూడా వచ్చింది. అదే గ్రాట్యుటీతో తోడల్లుడు భోగాపురం వైపు స్థలం కొన్నాడు. ఈయన 1978 మోడలు బుల్లెట్టు కొన్నాడు. కొన్నాను అనడు, "దొరికింది" అంటాడు, బావికొండ తవ్వకాల్లో బయటపడ్డట్టు. నిజానికి ఎస్.కోట దగ్గర ఒక పశువులశాలలో గడ్డిమోపుల వెనక ఉంది. ఒక్క కిక్కుకే స్టార్టవుతుందని అమ్మినవాడు ప్రమాణం చేశాడట. అబద్ధం కాదు. ఆ ఒక్క కిక్కు ఎన్నో కిక్కో చెప్పలేదంతే.

ఇంటికి ఎవరొచ్చినా, గ్యాసు బండ తెచ్చిన కుర్రాడైనా సరే, ముందు చరిత్ర వినాలి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టడం, తిరువొత్తియూరు ఫ్యాక్టరీ, ఇంగ్లండులో అసలు కంపెనీ 1970కల్లా మూతపడ్డం. "చూశావా, పుట్టింటివాళ్ళు చితికిపోయినా మెట్టినింట కాపురం నిలబెట్టుకుంది!" అని ట్యాంకు నిమురుతాడు. ఆ చేత్తో పిన్ని వీపు నిమరగా ఈ ముప్ఫై ఏళ్ళలో ఎవరూ చూడలేదు.

బాబాయి ఉద్యోగం చేసింది బ్లాస్ట్ ఫర్నేసులో. మన స్టీల్ ప్లాంటులో ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. గోదావరిని కట్టినప్పుడు దాని కడుపు 3200 ఘనమీటర్లు. ఈ బండి సిలిండరు 346 ఘన సెంటీమీటర్లు, రెండు టీగ్లాసులు పడితే గొప్ప. అక్కడ ఒకసారి అంటించిన నిప్పు ఏళ్ళ తరబడి ఆరకూడదు, ఆపాలంటే యజ్ఞమంత పని. ఇక్కడ అంటించడమే యజ్ఞం. ప్లాంటు అలవాటు కొద్దీ బండికీ నది పేరు పెడదామనుకున్నాడు. శారద, నాగావళి, వంశధార అని ఊగిసలాడుతుంటే పిన్ని ఇంజను కింద నల్లటి మడుగు చూసి, "గోస్తని అని పెట్టండి. గోస్తని అంటే ఆవుపొదుగేగా, అడక్కుండానే కారుతోంది" అంది. అదే ఖాయమైంది.

పిన్ని గురించి ఇక్కడ చెప్పుకోవాలి. ఆవిడ పొద్దున్నే వాకిట్లో చుక్కల ముగ్గు పెడుతుంది. తొమ్మిది చుక్కలు పెట్టి లోపలికెళ్ళి వచ్చేసరికి గోస్తని పదోది పెట్టి ఉంచుతుంది. మొదట్లో పోట్లాడింది. తరవాత పాత అట్లపెనం ఇంజను కింద పెట్టింది. ఇప్పుడు ఆ పదో చుక్కని కూడా కలిపి ముగ్గు వేసేస్తోంది.

స్టార్టు చెయ్యడం చూసితీరాల్సిన తంతు. ముందు పెట్రోలు కుళాయి తిప్పాలి. చోకు ఎత్తాలి. తాళం తిప్పి హెడ్‌లైటు పైనున్న ఆంపియర్ మీటరు వంక చూడాలి. కిక్కు రాడ్డుని మెల్లిగా, నిద్రపోతున్న పసిపిల్లని జరిపినట్టు, కిందకి తొక్కాలి. ముల్లు ఎడమకి వాలితే పాయింట్లు మూసుకున్నట్టు, మళ్ళీ నిటారుగా నిలబడితే తెరుచుకున్నట్టు. సరిగ్గా అప్పుడు ఎడమచేతి దగ్గరున్న డీకంప్రెషను మీట నొక్కి, రాడ్డుని ఇంకో వెంట్రుకవాసి జరిపి, మీట వదిలేసి, రాడ్డుని పైకి రానిచ్చి, అప్పుడు ఒంట్లో బరువంతా వేసి తన్నాలి. ఇందులో ఏ ఒక్కటి ముందువెనకలైనా రాడ్డు వెనక్కి వచ్చి పిక్కని పలకరిస్తుంది. ఇదంతా చేస్తున్నంతసేపూ బాబాయి పెదాలు కదులుతుంటాయి. మంత్రం అనుకునేవాణ్ణి. దగ్గరికెళ్ళి వింటే తిట్లు.

బండి కదిలాక అసలు కష్టం. ఆ కాలపు బుల్లెట్టుకి గేర్లు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర. మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందకి. ముప్ఫై ఏళ్ళు వేరే బళ్ళు నడిపిన మనిషి. బుర్ర ఒప్పుకుంది గాని కాళ్ళు ఒప్పుకోలేదు. ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గర ముందు సిటీబస్సు ఆగితే బ్రేకనుకుని గేరు తొక్కాడు. బండి కుక్కలా గుర్రుమని బస్సు వెనక నంబరుప్లేటుని వాసన చూసి ఆగింది.

ఆగిపోయిన బుల్లెట్టు చుట్టూ మన ఊళ్ళో జనం చేరినంత త్వరగా హరికథకి కూడా చేరరు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "పెట్రోలుందా?" తరవాత ఎవరి వృత్తిని బట్టి వాళ్ళ వైద్యం. నేవీలో చేసి వచ్చినాయన ఉప్పుగాలి పాడుచేసిందంటాడు. పోర్టులో క్రేను నడిపినాయన, బొగ్గుధూళి ఫిల్టరులో దూరిందంటాడు. ఒక కుర్రాడు, పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు, పాత రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయన్నాడు. ఆ మాట నిజమే గాని, పక్కనే ఉన్న రిఫైనరీ పెద్దాయనకి పౌరుషం వచ్చి సంభాషణ పూర్తిగా వేరే దారి పట్టింది. గోస్తని సంగతి అందరూ మరిచిపోయారు. ఈలోగా అది చల్లారి, బాబాయి తన్నగానే అందుకుంది. ఎందుకు ఆగిందో తెలీదు, ఎందుకు నడిచిందో తెలీదు. ఇంటికొచ్చి "నేనే బాగుచేశా" అన్నాడు.

తెలిసినవాడు ఒక్క మేస్త్రీ. గాజువాక సందులో నల్లబడ్డ షెడ్డు, దాని ముందు ఆయన, నోట్లో చుట్ట. "ఏటి బావూ, మల్లీ తోసుకొచ్చీసినారా?" అంటాడు, తల ఎత్తకుండా. బాబాయి పుస్తకాలు చదివి, పాయింట్ల మధ్య సందు కొలవడానికి వందల రూపాయలు పోసి కొలతరేకులు కొన్నాడు. అంగుళాల స్పానర్లు కావాలని ఆటోనగరంతా గాలించాడు, ఈ పాత నట్లకి మిల్లీమీటర్ల స్పానర్లు పట్టవు కనక. మేస్త్రీ సిగరెట్టు పెట్టె అట్టముక్క చింపి పాయింట్ల మధ్య దూర్చి, తీసి, "సరిపోనాది" అన్నాడు. బాబాయి రేకులు పెట్టి చూసుకుంటే అక్షరాలా సరిపోయింది. ఆ రాత్రి ఆయన అన్నం సరిగ్గా తినలేదు. ప్లగ్గు విప్పి రంగు చూడ్డం మాత్రం మేస్త్రీ దగ్గరే నేర్చుకున్నాడు: నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువ, సున్నంలా తెల్లబడితే తక్కువ, టీ డికాక్షను రంగులో ఉంటే ఆరోగ్యం. ఇప్పుడు పిన్ని టీ ఇస్తే గ్లాసు వెలుతురుకెత్తి "మిక్చర్ కొంచెం రిచ్" అంటున్నాడు.

మేస్త్రీ ఒక హెచ్చరిక కూడా చేశాడు. "కండెన్సరు పోతంది బావూ. ఏడెక్కితే సచ్చిపోతాది, సల్లారితే లెగుస్తాది. మార్సీండి."

"అది 1978 ఒరిజినల్ మేస్త్రీ!"

"ఒరిజినలే. అందుకే పోతంది."

బాబాయి మార్చలేదు. ఈ జాతి మనుషుల్ని గుర్తుపట్టడానికి ఇంతకన్నా పెద్ద గుర్తు లేదు.

అసలు బండి కొన్నది లడఖ్ వెళ్ళడానికి. గోడమీద మ్యాపు కూడా అంటించాడు. వేసవికి లడఖ్ కాస్తా జగదల్‌పూర్ అయింది, వర్షాకాలానికి అరకు అయింది. అక్టోబరులో ఒక ఆదివారం బయల్దేరాం. గోస్తని మీద బాబాయి, పిన్ని. వెనక స్కూటరు మీద నేను. నా కాళ్ళ దగ్గర స్పేరు కేబుళ్ళు, ప్లగ్గులు, ఇంజనాయిలు డబ్బా, పులిహార. చివరి రెండిటినీ దూరంగా పెట్టమని పిన్ని మరీ మరీ చెప్పింది.

ఎస్.కోట దాకా రాణీలా నడిచింది. "దగ్ దగ్" అని ఆ చప్పుడుంది చూశారూ, ఒప్పుకోవాలి, రోడ్డు పక్క గేదెలు కూడా గౌరవంగా తప్పుకున్నాయి. ఘాటు ఎక్కాక మొదటి ఆగుడు. చల్లారడానికి ఇరవై నిమిషాలు. మూడు కిలోమీటర్లు నడిచి రెండో ఆగుడు. అది దాటాక మూడోది. కార్లలో పోయేవాళ్ళు, ఎంత తీరుబడిగా చూసుకుంటున్నారో అని మమ్మల్ని చూసి అసూయపడ్డారు. టైడా దగ్గర బొంగు చికెన్ కాలేదాకా కూర్చుని తిన్నాం, అయినా కండెన్సరు చల్లారలేదు. "మీలాగే. వేడెక్కితే మాట వినదు," అంది పిన్ని. కాసేపాగి, "కుర్సురా సబ్‌మెరైన్ చూడండి, 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది. మర్యాదగా బీచిరోడ్డు మీద కూర్చుని టిక్కెట్టు డబ్బులు సంపాదిస్తోంది. దీన్నీ దాని పక్కన పెట్టేద్దురూ," అంది. బాబాయి వినలేదు. ఇంజను మీద చెయ్యి పెట్టి జ్వరం చూస్తున్నాడు.

అనంతగిరి చేరకుండానే చీకటి పడింది. ఆ 6 వోల్టుల హెడ్‌లైటు కార్తీకదీపం కన్నా మెరుగేమీ కాదు. అరకు నుంచి అల్లం బస్తాలతో దిగుతున్న వ్యానుని ఆపి, నలుగురం కలిసి గోస్తనిని బస్తాల మధ్యకి ఎక్కించి తాళ్ళతో కట్టాం. పిన్ని డ్రైవరు పక్కన కూర్చుంది. బాబాయిని కూడా రమ్మన్నారు. రాలేదు. బండి ఒంటరిగా ఉంటే స్టాండు జారుతుందన్నాడు. హెల్మెట్టు పెట్టుకుని, వ్యాను వెనక, అల్లం బస్తాల మధ్య, బుల్లెట్టు మీద నిటారుగా కూర్చున్నాడు.

నేను వెనకే స్కూటరు మీద దిగుతున్నాను. మలుపు వచ్చిన ప్రతిసారీ నా లైటు ఆయన మీద పడుతోంది. ఎడమచెయ్యి క్లచ్చు పట్టుకుంటోంది. కుడికాలు గేరు మారుస్తోంది. లోయ వైపు మలుపుల్లో ఒళ్ళు వాలుస్తున్నాడు. ఎదురుగా లారీ వస్తే ఎడమకాలితో బ్రేకు. ఒక్కసారి కూడా తడబడలేదు, కాళ్ళు ఒప్పుకున్నాయి.

ఎస్.కోటలో టీకి వ్యాను ఆగింది. బాబాయి వెంటనే దిగలేదు. కుడిమడమతో న్యూట్రల్ మీట నొక్కి, బండిని అటూ ఇటూ ఊపి చూసుకుని, అప్పుడు దిగాడు.