‘లాస్ట్ ఆట’: టీకా తాత్పర్యం

మూలం:
“ఇగ ఇదే లాస్ట్ ఆట. ఆడి పోదాం పా.”

అవతారిక: నిజాంసాగర్ కాలువ నీళ్లతో వరి పండే బాన్సువాడలో ఒక రైసుమిల్లు, ఊరి బయట ఒక మామిడితోట గల ఒకానొక సేఠు, రాత్రి రెండు గంటలకు తోటలోని షెడ్డు గడప మీద నిలబడి, కారుకు ఆనుకుని ఆవలిస్తున్న డ్రైవరుతో పలికిన వాక్యమిది. సేఠు పేరు అడగరాదు. ఏ ఊరి చదువరి ఆ ఊరి సేఠు పేరు వేసుకుని చదువుకొనునది.

ప్రతిపదార్థం: ఇగ = ఇకమీదట (చీకటి పడ్డాక ఈ పదం రావడం ఇది నాలుగోసారి); ఇదే = మరొకటి కాక ఇదియే; లాస్ట్ = కడపటిదైన; ఆట = పేకాటను; ఆడి = ఆడినవారమై; పోదాం = ఇంటికి వెళ్లుదుము; పా = పద.

వ్యాకరణ విశేషం: ‘ఇదే’ అన్నచోట ఏకారం నిశ్చయార్థకం. నిశ్చయం లేనివాళ్ల నోటనే ఇది ఎక్కువగా వినబడుతుంది. ‘ఆడి’ క్త్వార్థకం. ముందు పనికీ తర్వాతి పనికీ కర్త ఒక్కడే అయివుండాలని నియమం. ఇక్కడ ఆడేది సేఠు, పోయేది సొమ్ము. కర్తలు ఇద్దరయ్యారు కనుక ఇది దోషమే. అయినా జీతమిచ్చేవాడి మాట కాబట్టి డ్రైవరు దీన్ని ఆర్షప్రయోగంగా సమర్థించి “అట్లనే సేఠ్” అన్నాడు.

అలంకారం: శ్లేష. ఇంగ్లీషులో కడపటిదానికి ఒక మాట, పోగొట్టుకున్నదానికి ఇంకొక మాట. తెలుగులో రెంటినీ ‘లాస్ట్’ అనే రాస్తాం. కనుక ‘లాస్ట్ ఆట’ అంటే చివరి ఆట అనీ, ఓడిన ఆట అనీ రెండర్థాలు. రెండో అర్థమే ప్రసిద్ధం.

పాఠాంతరం: గోవా ప్రతిలో ‘ఆట’కు బదులు ‘హ్యాండ్’ అని ఉంది. మంజీర ఒడ్డున తీన్ పత్తి అనే మూడు ముక్కలాటతో మొదలైన మనిషి, నాలుగు రాళ్లు వెనకేశాక మాండవి మీద తేలే ఓడలో పోకరుకు కూర్చుంటాడు. అక్కడ చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద ఐదు. నోట్లకు బదులు రంగురంగుల బిళ్లలు. నోటు చేయి దాటితే గుండె జిల్లుమంటుంది, బిళ్ల దాటితే ఏమీ అనిపించదు. ఆ బిళ్లను కనిపెట్టినవాడు మహా తెలివైనవాడు.

పూర్వపక్షం: “ఇది జూదం కాదు, బుర్ర పెట్టి ఆడే ఆట” అని సేఠు వాదం. ప్రమాణం లేకపోలేదు. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులో 1967లో సుప్రీంకోర్టు, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి కనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యమే అంది. అయితే అదే తీర్పు, మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదు ఇది, అని కూడా అంది. సేఠు మొదటి వాక్యం చదివి, రెండోదానికి వచ్చేసరికి పేజీ తిప్పేశాడు.

పోకరు విషయంలో పెద్దలకే పొత్తు కుదరలేదు. 1957 నాటి బెంగాల్ చట్టం దాన్ని జూదపు లెక్కలోంచి తప్పించింది. 2017లో గుజరాత్ హైకోర్టు జూదమే అంది. అదే ఏడు తెలంగాణ ఆర్డినెన్సు తెచ్చి ఆన్‌లైన్ డబ్బాటలను మూయించింది. 2025లో కేంద్రం, నైపుణ్యమా అదృష్టమా అన్న విచారణే లేకుండా, ఆన్‌లైన్ డబ్బాటలన్నిటినీ కట్టేసింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే కౌటిల్యుడు, జూదశాలకు అధ్యక్షుణ్ని పెట్టి, గెలిచినవాడి దగ్గర నూటికి ఐదు వసూలు చేయమన్నాడు. తోటలో ఆట పెట్టిన పెద్దమనిషి అర్థశాస్త్రం చదివినట్టు లేదు. అతడి వాటా అంతకంటే ఎక్కువే.

సిద్ధాంతం: నైపుణ్యం సేఠుకు లేదనడం అన్యాయం. కొనుగోళ్ల రోజుల్లో మిల్లు ముందు నిలబడి చూడాలి. కుప్పలోంచి నాలుగు గింజలు తీసి, పొట్టు ఊది, పంటికింద వేస్తాడు. టక్కుమంటే సరే. మెత్తగా నలిగితే, “పదిహేడు దాటింది తమ్మీ, ఇంకో ఎండ పెట్టు” అని ట్రాక్టరును వెనక్కి పంపుతాడు. తేమ కొలిచే మిషన్ పెట్టి చూసినా అదే తేలుతుంది. సర్కారు వంద కిలోల వడ్లిస్తే పచ్చిబియ్యం అరవై ఏడు కిలోలు తిరిగివ్వాలి. ఆ అరవై ఏడు మీద అరకిలో అటూ ఇటూ అయితే రాత్రి నిద్రపోడు. అదే మనిషి తోటలో కూర్చున్నాక, ముక్కలు బోర్లా ఉండగానే వాటిని చూడకుండా మిల్లు కూలీల వారం జీతం ముందుకు తోస్తాడు. దీనికి ‘బ్లైండ్’ అని పారిభాషిక పదం. గింజ కొరకనిదే బస్తా కొననివాడు ముక్క తిప్పకుండానే పందెం కొన్నాడన్నమాట.

“ధర్మరాజంతటివాడే ఆడలేదా” అని గడప లోపలి పండితులు అంటారు. ఆడాడు. ఒకసారి అంతా ఓడి, ధృతరాష్ట్రుడు తిరిగిచ్చాక, మళ్లీ పిలిస్తే మళ్లీ వెళ్లాడు. మన మూలవాక్యానికి ఆద్యుడు ఆయనే అని నా అభిప్రాయం.

తాత్పర్యం: “ఓయి డ్రైవరూ, ఇంటికి ఫోన్ చేసి బయలుదేరామని చెప్పు. నువ్వు సీటు వెనక్కి వాల్చి పడుకో.”

ఇక్కడికి మొదటి వాక్యానికి టీక సమాప్తం. తర్వాతి వాక్యానికి రాద్దామంటే మూలం చేతికి రాలేదు. సేఠు ఇంకా లోపలే ఉన్నాడు.