‘వస్తుందండి’: టీకా తాత్పర్యం

మూలం: “కొత్త మోడలా? వస్తుందండి. కంపెనీవాళ్లు ఇంకా ఏం చెప్పలేదు. ముందు ఇది చూడండి.”

అవతారిక. వక్త గుడివాడలో కెమెరాలమ్మే కొట్టాయన. శ్రోత అవనిగడ్డ నుంచి బండి మీద వచ్చిన పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు. కాలం ఆషాఢం. ముహూర్తాల్లేవు, శ్రావణానికల్లా బాడీ మార్చాలి. అతను గాజు కౌంటరు మీద మోచేతులు ఆనించి అడిగాడు. కొట్టాయన జవాబు చెబుతూనే షోకేసులోంచి ఒక డబ్బా తీసి, పసుపు గుడ్డతో మూత తుడిచాడు. గుడ్డ నల్లబడింది. ఈ మూలానికి మొదటి వ్యాఖ్యానం ఆ గుడ్డే.

ప్రతిపదార్థం. కొత్త మోడలా = ఆలోచించుకునే వ్యవధి కోసం అడిగినదాన్నే తిరిగి అడగడం; అండి = తర్వాతి ప్రశ్న రాకుండా వేసే మర్యాద గడియ; కంపెనీవాళ్లు = కొట్టాయనకు బెజవాడ డిస్ట్రిబ్యూటరు, బెజవాడకు హైదరాబాదు, హైదరాబాదుకు గురుగ్రామ్, గురుగ్రామ్‌కు టోక్యో; ఏం చెప్పలేదు = అక్షరాలా నిజం; ఇది = దుమ్ము తుడిచిన డబ్బా.

ఇక ‘వస్తుంది’. కావ్యాలకు టీకలు రాసిన మల్లినాథసూరి అయినా ఇక్కడ కాస్త ఆగేవాడు. ‘బందరు బస్సు ఇటే వస్తుంది’ అంటే రోజూ జరిగేది. ‘ఎల్లుండి అత్తయ్య వస్తుంది’ అంటే జరగబోయేది. తెలుగులో రెంటికీ క్రియ ఒకటే. కాలంతో పనిలేకుండా స్వభావం చెప్పేదాన్ని వ్యాకరణం తద్ధర్మం అంది. కెమెరా కంపెనీల స్వభావం కొత్తవి తేవడమే కదా! కొట్టాయన భవిష్యత్తు చెప్పాడని ఫొటోగ్రాఫరు అనుకున్నాడు. ఆయన చెప్పింది తద్ధర్మం. తప్పు పట్టడానికి లేదు.

ఈ విద్యలో కంపెనీలు ఆయనకు గురువులు. వాళ్ల దగ్గర ‘అభివృద్ధి చేస్తున్నాం’ అనే ప్రకటన ఒకటుంది. కెనాన్ ఈఓఎస్ ఆర్5 గురించి 2020 ఫిబ్రవరి 13న అలా చెప్పింది: 8కె వీడియో ఉంటుందన్నారు, ధర చెప్పలేదు. అసలు విడుదల ప్రకటన జులై 9న. నికాన్ జెడ్9కు మాట 2021 మార్చిలో, కెమెరా అక్టోబరులో. కెనాన్ ఆర్1 సంగతి 2024 మేలో బయటపెట్టి, పారిస్ ఒలింపిక్స్ మొదలవడానికి తొమ్మిది రోజుల ముందు, జులై 17న విడుదల ప్రకటించారు. ఖరీదైన లెన్సులున్న వృత్తి ఫొటోగ్రాఫరు అవతలి కంపెనీకి గోడ దూకకుండా ఇది ముందుగా కట్టే తాడు. బందరువాళ్లకు ఈ ప్రక్రియను విడమర్చి చెప్పనక్కర్లేదు. వాళ్ల పోర్టుకు 2008లో, 2019లో, 2023లో మూడుసార్లు శంకుస్థాపన జరిగింది.

ఆక్షేపం: కొట్టాయనకు నెల ముందే తేదీ చెబితే ఏం పోయింది?

సమాధానం: షోకేసులో ఉన్నది పోదు, అదే పోయింది. అమెరికాలో ఆస్‌బోర్న్ అనే కంప్యూటర్ కంపెనీ 1983లో తన తర్వాతి యంత్రాల గురించి తొందరపడి చెప్పుకుంది. ఉన్నదాన్ని కొనేవాళ్లు ఆగిపోయారు. ఆ సెప్టెంబరులోనే దివాలా తీసింది. అసలు కారణాలు వేరే అని వాదించేవాళ్లూ ఉన్నారు గానీ, అమ్మకాలవాళ్లకు ఆ కథే కంఠస్థం. పైగా కొట్టాయన సొంత డబ్బు పెట్టి సరుకు దింపాడు. కొత్తది వస్తోందని తెలిసిన మరుక్షణం ఆ డబ్బా మీద దుమ్ము మరో పొర పేరుకుంటుంది.

చిత్రమేమిటంటే చాలాసార్లు కొట్టాయన కంటే ఫొటోగ్రాఫరుకే ముందు తెలుస్తుంది. వైఫై ఉన్న ప్రతి కెమెరానూ అమ్మకానికి ముందు ఆయా దేశాల వైర్‌లెస్ అనుమతి సంస్థల దగ్గర నమోదు చేయాలి. అక్కడ బయటపడ్డ అంకెల కోడ్ అవనిగడ్డ ఫోనులోకి సాయంత్రానికి చేరుతుంది. అతను అడగడానికి రాలేదు; కొట్టాయన ముఖం చూడటానికి వచ్చాడు.

పాఠాంతరం. ‘వస్తుందండి’కి బదులు ‘రాదండి’ అనే పాఠం ఏ కొట్టులోనూ వినబడదు. కంపెనీల్లో మాత్రం నికాన్ ఒకసారి పలికింది. 2016 ఫిబ్రవరిలో డీఎల్ పేరుతో మూడు చిన్న కెమెరాలు ప్రకటించి, జూన్‌కు వస్తాయంది. చిత్రాలను ప్రాసెస్ చేసే చిప్‌లో ఇబ్బంది అని వాయిదా వేసింది. 2017 ఫిబ్రవరిలో, లాభం రాదని లెక్క తేలాక, మొత్తంగా రద్దు చేసింది. ఆ మూడింట్లో ఒక్కటీ అమ్మకానికి రాలేదు.