టిప్పెట్ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. పైన తేలునీగ పట్టుకు నైలాను
ఫ్లోరొకార్బనమ్ము లోన మునుగ
ఎక్సు లెన్నొ తీసి యేకాదశమునుండి
దారమునకు సన్నదనము తెలియు

అవతారిక: ట్రౌట్ చేపను ఈగ బొమ్మతో మోసగించే విద్యలో లావుపాటి దారం చివర లీడరు అనే మరో దారం, లీడరు చివర మూరెడో రెండు మూరలో సన్నదారం, దాని కొసన ఈగ ఉంటాయి. ఆ సన్నదారమే టిప్పెట్. అంగట్లో నైలాను చుట్ట పక్కనే, దానికి రెండు మూడింతల ధర పలికే ఫ్లోరోకార్బన్ చుట్ట కూర్చుని ఉంటుంది. రెంటినీ చెరో చేత పట్టుకుని కదలక నిలబడిపోయిన శిష్యుడి మీద జాలితో చెప్పిన పద్యమిది. కర్త ఎవరో తెలియదు. వ్యాఖ్యాతే రాసుకున్నాడన్న అనుమానాన్ని వ్యాఖ్యాత ఖండిస్తున్నాడు, మరీ గట్టిగా కాదు.

ప్రతిపదార్థం: పైన = నీటి మీద; తేలు = మునగక నిలిచే; ఈగ = కొక్కేనికి ఈకలూ బొచ్చూ చుట్టి చేసిన బొమ్మకు కట్టి; పట్టుకు = చేపను పట్టడానికి; నైలాను = నైలానే (చాలునని అధ్యాహారం); లోన = నీటి లోపల; మునుగ = ఈగ మునగడానికి; ఫ్లోరొకార్బనమ్ము = ఆ పేరుగల దారం (కొనదగును); ఏకాదశమునుండి = పదకొండులోంచి; ఎక్సులు ఎన్నొ = చుట్ట మీద అచ్చువేసిన ఎక్సులు ఎన్నో అన్నీ; తీసి = తీసివేయగా; దారమునకు సన్నదనము = దారం మందం, అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన; తెలియు = తెలుస్తుంది.

తాత్పర్యం: తేలే ఈగకు చవక దారం, మునిగే ఈగకు ఖరీదు దారం. మిగతాది తీసివేతల లెక్క.

విశేషాలు: ‘పట్టుకు’ అన్నచోట శ్లేష. నైలాను రాకముందు టిప్పెట్ పట్టుపురుగు నుంచే వచ్చేది. పురుగును వెనిగర్‌లో నానబెట్టి, పొట్టలోని పట్టుగ్రంథిని తీసి, తీగలా సాగలాగి ఆరబెట్టేవారు. స్పెయిన్‌లోని ముర్సియా ఈ పనికి పేరుబడ్డ చోటు. తీగ ఇంకా సన్నం కావాలంటే లోహపు పలకకున్న రంధ్రంలోంచి లాగేవారు. లాగినకొద్దీ ఒక ఎక్సు పెరిగేది. పురుగు పోయింది, పలక పోయింది, ఎక్సు మాత్రం మిగిలింది. ఎక్సు పెరిగితే దారం సన్నబడడంలోని రహస్యం అదే. 5 ఎక్సుల దారమంటే పదకొండులోంచి అయిదు పోగా ఆరు, అంటే 0.006 అంగుళం, ఇంచుమించు 0.15 మిల్లీమీటరు. కొక్కేల నంబర్లదీ ఇదే తలకిందుల వరస, నంబరు పెరిగితే కొక్కెం చిన్నది. ఆ నంబరును మూడుతో భాగిస్తే తగిన ఎక్సు వస్తుంది. 16వ నంబరుకు 5 ఎక్సులు సరి. మరి 11 ఎక్సుల దారమో? మందం సున్నా. అది ఏ చేపకూ కనబడదు, ఏ అంగట్లోనూ కనబడదు.

ఇక ‘లోన మునుగ’. పూర్వపక్షి ఇక్కడే లేచి నిలబడతాడు. అయ్యా, ఫ్లోరోకార్బన్ కొనేది అది నీళ్లలో కనబడదని కదా, కవి ఆ ఊసే ఎత్తలేదేం? కాంతి వంగే లెక్కలో నీరు 1.33, ఫ్లోరోకార్బన్ 1.42, నైలాను 1.53 దరిదాపు కదా?

సమాధానం: నీటికి దగ్గరైన మాట నిజమే, నీటితో ఒకటైన మాట నిజం కాదు. ఈగ పొట్ట కింద లోహపు కొక్కెం వంకర తిరిగి వేలాడుతుంటే చూసి కూడా నోరు తెరిచే చేప, పైనున్న దారపు పోగును చూసి వైరాగ్యం తెచ్చుకుంటుందా? కనబడకపోవడమనే మహిమ చేపకన్నా కొనేవాడి మీద బాగా పనిచేస్తుందని వ్యాఖ్యాత అభిప్రాయం. కవి చెప్పింది బరువు గురించి. ఒకే పరిమాణం నీటితో పోలిస్తే ఫ్లోరోకార్బన్ 1.78 రెట్లు బరువు, నైలాను 1.14 రెట్లే. పైగా నైలాను నీరు పీల్చి కాస్త బలం కోల్పోతుంది, ఎండకు పాడవుతుంది. ఫ్లోరోకార్బన్‌కు ఆ రెండు జబ్బులూ లేనట్టే. అడుగున రాళ్ల మధ్య ఈడ్చినా త్వరగా గీసుకుపోదు. డబ్బు పెట్టాల్సింది వీటికి.

అయినా ఇంత సన్నని దారానికి తన బరువుకన్నా నీటి పైపొర బిగువే ఎక్కువ. చేతి జిడ్డు అంటితే ఫ్లోరోకార్బన్ కూడా హాయిగా తేలుతుంది. ఆ జిడ్డు వదలగొట్టడానికి ఇంగ్లండు జాలరులు మట్టి, గ్లిసరిన్, గిన్నెలు తోమే సబ్బునీళ్లు కలిపి ముద్ద చేసి, దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉంచి దారాన్ని లాగుతారు. ఆ మట్టి మనవాళ్లు మొహానికి పట్టించే ముల్తానీ మట్టి జాతే. ట్రౌట్ కోసం దారానికి ఫేస్‌ప్యాక్ అన్నమాట.

తేలడం, మునగడం అనే మాటల వెనక పెద్ద మతభేదమే ఉంది. ఇంగ్లండులోని హాంప్‌షైర్ సుద్దనేలల్లో పారే టెస్ట్, ఇచెన్ నదుల ఒడ్డున ఇది పుట్టింది. ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ 1886లో తేలే ఈగల మీద గ్రంథం రాశాడు. శిష్యులు దాన్ని శాసనం చేశారు. జి.ఇ.ఎం. స్క్యూస్ 1910లో నీటి అడుగున తినే చేపకు అడుగునే ఈగను అందించవచ్చని రాశాడు. గొడవ ఎంతదాకా వెళ్లిందంటే, హాల్ఫర్డ్ పోయి ఇరవైనాలుగేళ్లయ్యాక, 1938లో, లండన్ ఫ్లైఫిషర్స్ క్లబ్బులో మునిగే ఈగ మర్యాదేనా అని పెద్ద చర్చ పెట్టారు. అప్పటికి ఫ్లోరోకార్బన్ దారం లేదు. జపాన్ కంపెనీ కురేహా దాన్ని చేపల వేటకు తెచ్చింది 1971లో. మన కవి ఇద్దరికీ చెరో పాదం ఇచ్చి తప్పుకున్నాడు.

ముడి గురించి మాత్రం కవి ఒక్క అక్షరం రాయలేదు. ఇది లోపమే. ఫ్లోరోకార్బన్ బిరుసు. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి ముడి దగ్గరే బలహీనపడుతుంది. అందుకే బిగించేముందు ఉమ్మితో తడపాలి, మెల్లగా లాగాలి. నైలాను లీడరుకు దీన్ని కలిపేటప్పుడు సర్జన్ ముడిలో కొసను రెండుసార్లు కాక మూడుసార్లు దూర్చడం మేలు. చేప పోయాక దారం కొస పందితోకలా మెలికలు తిరిగి ఉంటే దారం తెగలేదు, ముడి జారింది. అప్పుడు తిట్టాల్సింది అంగడివాణ్ణి కాదు.

పాఠాంతరం: రెండో పాదాన్ని కొందరు ‘ఫ్లోరొకార్బనమ్ము కొనగ నేల’ అని చదువుతారు. ‘ఫ్లో’కు ‘కొ’ యతి చెల్లదు కనుక ఇది ప్రక్షిప్తం. ఎవరో తేలే ఈగలు మాత్రమే వేసే లేఖకుడు దిద్ది ఉంటాడు. అతని మటుకు అర్థం సరిపోయింది, డబ్బూ మిగిలింది.