తాంబూలం సంచి దినచర్య

శ్రీరస్తు. శుభమస్తు. అవిఘ్నమస్తు.

స్వస్తిశ్రీ చాంద్రమాన విశ్వావసు నామ సంవత్సర ఆషాఢ బహుళ విదియ, స్థిరవాసరము, అనగా తేది 12-7-2025. రాజమహేంద్రవరము.

చదువరులు నా భాషను చూచి నవ్వవలదు. నాకు అక్షరాభ్యాసము జరిగినది నా పొట్టమీదనే. వికారి నామ సంవత్సర మాఘమాసమున, అనగా 2020లో, తాడితోట బట్టల బజారున పసుపుపచ్చని తానునుండి కత్తిరింపబడి, కుట్టబడి, ఎర్రసిరాతో అచ్చుకొట్టబడితిని. పైన వినాయకుడు, నడుమ "చి.", "చి.ల.సౌ.", వాని క్రింద ముహూర్తము. పెండ్లివారు ధారాళస్వభావులు గనుక శుభలేఖలో సగము నామీదికే ఎక్కించిరి. నేను చదివిన పుస్తకమల్లా అదియే. గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడి వాడుకభాషను బడిలోనికి, పత్రికలలోనికి తెచ్చిరిగాని, శుభలేఖ గడప దాటింపలేకపోయిరి. సంవత్సరము పొడవునా ఇంగ్లీషులో సందేశములు పంపుకొను పిల్లవాడు సైతము పెండ్లినాడు చిరంజీవి అయి, పెద్దలచేత సుముహూర్తము నిశ్చయింపించుకొని తీరవలసినదే.

సంచికి ఆత్మకథ యేమిటందురా? స్వీయచరిత్రము వ్రాసికొన్న కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఈ ఊరివారే. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహము వారు జరిపించినదియు ఈ ఊరిలోనే. ఆ పెండ్లికి పోవుటకే జనులు భయపడిన కాలమది. పోయినవారు తాంబూలము చేతబట్టుకొని పట్టపగలు వీధివెంట ఇంటికి నడచిపోవుటకు ఎంత గుండెనిబ్బరము కావలెనో! పెండ్లిండ్ల వ్యవహారము కొంత తెలిసినదానను గనుక ఈ మాట అనుటకు నాకు అధికారము కలదు.

నాలో మొదట కాపురముండినవి ఒక కొబ్బరికాయ, రెండు అరటిపండ్లు, ఆకులు, వక్కలు, ఒక జాకెట్టు ముక్క. ఆ జాకెట్టు ముక్క మరునెలలోనే వేరొకరి పేరంటమునకు తరలిపోయెను. అది దాని జాతకము. నేను మాత్రము వంటింటి తలుపు వెనుక మేకునకు స్థిరపడితిని. నెల తిరిగినదో లేదో, శార్వరి నామ సంవత్సర ఉగాదినాడు, అనగా 25-3-2020న, దేశమంతయు తలుపులు మూసికొనెను. మా ప్రభువులవారు వాకిలి దాటుటకు అనుమతి దొరకిన వేళలందు వెంట నడచిన సేన అంతయు నేనే. తిరిగివచ్చిన పిమ్మట నన్ను గడప తొక్కనీయక, పెరటి తీగెపై ఎండబెట్టెడివారు. నా పొట్టమీది చిరంజీవిగారి పేరు ఆ యెండలకే వెలిసిపోయెను. ఇప్పుడు "చి." తరువాత అంతయు పసుపే.

2022 జూలై 1 నుండి, ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్కు వస్తువులు పెక్కింటిని కేంద్రమువారు నిషేధించిరి. ఆ యేడాది చివరినుండి 120 మైక్రాన్లకు తక్కువ మందము గల సంచి పనికిరాదనిరి. దానితో నా పరపతి హెచ్చినదని మా ప్రభువులవారి నమ్మకము. బజారున నేను కన్నది వేరు. పలుచని నల్లసంచి ఇప్పటికిని బల్లక్రింద దాగియుండి, "కవరుందా?" అన్న పిలుపు వినబడినంతనే చేతిలోనికి దూకుచున్నది.

ఇక నేటి యాత్ర.

సూర్యోదయమైన అయిదు ఘడియలకు, అనగా ఏడున్నర దాటిన పిమ్మట, దేవిగారు నన్ను మేకునుండి దించి, రెండుసార్లు దులిపి ఆజ్ఞలు దయచేసిరి.

"ఏవండీ, ఆనపకాయ గోరు గుచ్చి చూసి తీసుకోండి. వంకాయలు మీకు తెలీదు గానీ, లేతవని అడగండి. ఆషాఢం కదా, మునగాకు, గోరింటాకు మర్చిపోకండి. మిక్సీ జారు ఇచ్చెయ్యండి. పాస్‌బుక్కులో ఎంట్రీలు వేయించండి. స్వీటుషాపు వైపు మాత్రం వెళ్ళకండి."

"చీటీ రాసివ్వవోయ్."

"అయిదు ముక్కలకి చీటీయా? లెక్కల మాస్టారు కదా!"

పాస్‌బుక్కును, జారును గర్భమున ధరించి బయలువెడలితిని. ప్రథమ దండయాత్ర బ్యాంకుపైకి. కోటద్వారము మూసియుండెను. కావలివాడు కుర్చీలోనుండి లేవకయే "రెండో శనివారం కదండీ" అనెను. 2015 సెప్టెంబరు నుండి బ్యాంకులకు రెండవ, నాల్గవ శనివారములు సెలవు. ఉద్యోగమున్నంతకాలము రెండవ శనివారము ఎప్పుడు వచ్చునాయని వేళ్ళు మడిచి లెక్కించిన లెక్కల మాస్టారే, పదవీ విరమణానంతరము వారములన్నియు సమానమగుటచే ఆ లెక్క మరచిరి. నాకు జాలి కలిగెను. వారికి కలుగలేదు. "మంచిదే, టైము మిగిలింది" అనిరి. ఆ మిగిలిన కాలమునందే ఈ దినపు అనర్థములన్నియు పుట్టినవి.

మిక్సీ దుకాణమున జారును త్రిప్పిచూచి, బుష్ అరిగినదని చెప్పి, సాయంత్రము రమ్మనిరి. అక్కడ వ్రాయదగిన విశేషము లేదు.

అచ్చటినుండి గోదావరి గట్టు. ఇది ఆజ్ఞలలో లేదు. ఎగువన వానలు పడి నీరు ఎర్రబడినదట. రాజమహేంద్రవరమున పుట్టినవాడు ఎర్రనీరు వచ్చినదని విని చూడక ఇంటికి పోడు. బ్యాంకు పనియైనను ఆగునుగాని ఇది ఆగదు. నన్ను పిట్టగోడపై నిలిపి, ప్రభువులవారు రెండు చేతులు వెనుకకు కట్టుకొని చూచుచుండిరి. పాత ఇనుప వంతెన, 1900 నుండి 1997 వరకు రైళ్ళను మోసి ఇప్పుడు ఊరక నిలిచియున్నది. నావలె మోయుటయే వృత్తియైన ప్రాణి గనుక దానిని చూచినప్పుడెల్ల నమస్కరింతును. ప్రక్కన నలుగురు పెద్దమనుష్యులు పులస ధర చెప్పుకొని నిట్టూర్చుచుండిరి. సముద్రమునుండి ఈ ఎర్రనీటికి ఎదురీది వచ్చినంతనే ఇలస పులస అగును. అయినంతనే దాని వెల వేలలోనికి ఎక్కును.

"పుస్తెలమ్మైనా పులస తినాలన్నారండి పెద్దలు" అని ఒకరు.

పుస్తెలు కట్టిన పందిటిలో పుట్టినదానను. ఈ సామెత నాయెదుట అనదగినది కాదు. మా ప్రభువులవారు శాకాహారులైనను తలయూపిరి. గట్టుమీద తలయూపుటకు శాకాహారము అడ్డురాదు.

తదుపరి సంగతి దేవిగారికి తెలియరాదు. కావున దినచర్యయందు మాత్రమే వ్రాయుచున్నాను. గట్టునుండి బజారునకు రెండు దారులు. ఒకటి దగ్గర. రెండవదానిలో మిఠాయి అంగడి కలదు. ప్రభువులవారు రెండవదానిని వరించి, తాపేశ్వరపు మడత కాజాలు పావుకిలో తూయించి, కాగితపు పొట్లముగా కట్టించి నా అట్టడుగున దాచిరి. దాచుటకుముందు ఒకటి అక్కడనే నిలబడి ఆరగించిరి. కాజా పైకి పొడిగా కనబడును. దాని పాకమంతయు పొరలలోపల దాగియుండును. పైన బరువు పడినచో ఏమగునో లెక్కల మాస్టారు ఆలోచింపలేదు.

రైతుబజారు. 1999లో రాష్ట్రమున ఇవి వెలసినప్పటినుండి పద్ధతి ఒక్కటే: ధరలు బోర్డుమీద వ్రాసియుండును, అయినను అందరును బేరమాడుదురు. సంచి నింపుటయందు ఒక శాస్త్రము కలదు. బరువైనవి అడుగున, మెత్తనివి పైన, ఆకుకూర అన్నిటికంటె పైన తల బయటపెట్టి. ఈ శాస్త్రము స్త్రీలకు పుట్టుకతో వచ్చునని కాదు, ఇంటికి పోయి చితికిన టమాటాను చూచువారు వారే గనుక నేర్చిరి. మా ప్రభువులవారు కనబడిన వరుసను కొనిరి. కొన్న వరుసను వేసిరి. మొదట టమాటాలు. వానిపై వంకాయలు. వానిపై మోచేయంత ఆనపకాయ. గోరు గుచ్చి చూచిరి, నిజమే, ఆ గోటిగాట్లు చూచి అమ్మకపుటామె, "కొంటారా, పేరు రాసుకుంటారా?" అనెను. అడుగున కాజాలు మూలిగినవి. పాకము నా ముహూర్తపు పంక్తిలోనికి దిగెను.

మునగాకు, గోరింటాకు పరచికొని కూర్చున్న ముసలమ్మ గోనెపట్టా యొద్ద నేను నా జీవితమున మొదటిసారి నా తోబుట్టువును చూచితిని. అదే పసుపు. అదే వినాయకుడు. ఖాకీరంగు ప్యాంటు తొడిగిన ఒక ధవళేశ్వరపు ఆసామి చేతిలో నిండుగా వ్రేలాడుచుండెను. మేమిద్దరము ఏమనుకొంటిమో వ్రాయను. మనుష్యులు అనుకొన్నది వ్రాయుదును.

"మీరు పెళ్ళికూతురు వైపాండీ?"

"ఆయ్, అవునండి. మా ఆవిడకి దూరపు చుట్టం. తమరు?"

"పెళ్ళికొడుకు నాన్నగారూ నేనూ ఒకే స్కూల్లో పని చేశామండీ. కుర్రాడు ఇప్పుడెక్కడున్నాడో?"

"డాలస్ అండి. బాబు పుట్టాడు. మొన్న సంక్రాంతికొచ్చెళ్ళారు. ఆ అబ్బాయి పేరేదో ఉందండి..."

ఇద్దరికిని పేరు స్మరణకు రాలేదు. మా ప్రభువులవారు నన్ను త్రిప్పిచూచిరి. వరుడు మాసిపోయి వధువు మిగిలియుండెను. ఆసామి తన సంచిని చూచెను. వధువు చెరిగి వరుడు నిలిచియుండెను. మమ్మిద్దరిని గోనెపట్టాపై ప్రక్కప్రక్కన నిలిపి, కండ్లజోడు సవరించుకొని, దంపతులను కూడబలుక్కొని చదివిరి. ముసలమ్మ కూడ వంగిచూచి, "ఈడూజోడూ బాగుందండి" అనెను; ఆమె చూచినది అక్షరములనే. ఆ సంతోషమున ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకొని, ఆకులు చెరొక గుప్పెడు మాలో కుక్కించుకొని, చేతికందినదానిని పట్టుకొని ఎవరిదారిని వారు పోయిరి.

నాకు అందిన చేయి మా ప్రభువులవారిది కాదు.

స్కూటరు కొక్కేనికి వ్రేలాడుచు దక్షిణముగా పోవుచున్నప్పుడుగాని ప్రమాదము బోధపడలేదు. కేకవేయుటకు నోరు పెద్దదైనను కంఠము లేదు. కాటన్ దొరగారి ఆనకట్ట ఊరు చేరితిమి. ఆ ఇల్లాలు నన్ను అరుగుపై బోర్లించి, పాస్‌బుక్కును చూచి, "ఇదెవరిదండీ? నేను ఎండురొయ్యలు కదా తెమ్మన్నది!" అని కేకవేసెను. అప్పటికి మా ఇంట, మడికట్టుకొన్న వంటింట, దేవిగారు ఏ పొట్లము విప్పియుందురో ఊహింపగలరు.

ఫోను మ్రోగెను. ఇల్లాలు చెవికి పెట్టుకొనక, అందరును వినునట్లు నొక్కి బల్లపై పెట్టెను.

"అమ్మా, మా సంచీ మీ దగ్గరుందా?" దేవిగారి కంఠమే, ముక్కు మూసికొని మాటలాడుచున్నట్లున్నది.

"భద్రంగా ఉందండీ అక్కగారూ, ఏం కంగారు లేదు. ఆనపకాయ, వంకాయలు, మునగాకు, గోరింటాకు, పాస్‌బుక్కు... టమాటాలు కొంచెం నలిగాయండి. అడుగున కాజాలు కూడా చితికినట్టున్నాయి..."

"కాజాలా?"

"ఆయ్, పావుకేజీ ఉంటాయండి. ఏం చెయ్యమంటారు?"

"మీ పిల్లలకి పెట్టెయ్యమ్మా. రేపు పొద్దున్నే మీ రొయ్యలు పట్టుకుని ఈయన్ని పంపిస్తాను. నడిచొస్తారు."