పెద్దక్షరాల ప్రోటోకాల్

తెలుగు అక్షరాలకు హోదాలు లేవు. వరసలో అ ముందు నిలబడింది కదా అని దాన్ని మిగతా వాటికంటే ఎత్తుగా రాయం. గుణింతాలు, ఒత్తులు, వట్రసుడులు, బండి రలు అంటూ మన తిప్పలు మనకున్నాయి గాని, ముఖ్యమంత్రికీ ముంతమసాలాకీ ఒకటే ‘ము’. వాక్యం మొదట్లో కూర్చున్నా, నడుమ నలిగినా, చివర చతికిలబడినా దాని ఆకారం మారదు.

ఇంత సమానత్వంలో పెరిగిన పిల్లవాడి చేతికి నాలుగు గీతల కాపీ పుస్తకం ఇస్తారు. పైనా కిందా ఎర్రగీతలు, నడుమ రెండు నీలిగీతలు. ఇంగ్లీషుకు 26 అక్షరాలే, మన 56 ముందు అదెంత అని ఆశ కూడా పెడతారు. పుస్తకం తెరిచాక అసలు లెక్క తేలుతుంది. అచ్చులో పెద్దవి 26, చిన్నవి 26. చేతిరాతలో మళ్ళీ పెద్దవి 26, చిన్నవి 26. మా వైపు వీటిని నాలుగు బడులు అనేవారు. మొత్తం 104. సుళువన్న పెద్దమనిషి ఆ తరవాత మా ఛాయలకు రాలేదు.

పోనీ, పెద్దవాటికీ చిన్నవాటికీ పోలికలైనా ఉంటాయా? పెద్ద జి పక్కన చిన్న జి ని నిలబెట్టి, ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళంటే ఎవరూ నమ్మరు. ఏ చుట్టరికమూ లేని పెద్ద ఐ, చిన్న ఎల్ మాత్రం కంప్యూటర్ అచ్చులో కవలపిల్లలు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం పేరు టైపు చేసి చూడండి. మొదట మూడు నిలువు కర్రలు కనిపిస్తాయి. ఏది ఐయో, ఏది ఎల్లో తేల్చడానికి పంచాయతీ పెట్టాలి.

మాస్టారు నేర్పినవి మూడే సూత్రాలు. వాక్యం పెద్దక్షరంతో మొదలవ్వాలి. మనుషుల పేర్లకూ ఊళ్ళ పేర్లకూ పెద్దక్షరం పెట్టాలి. ‘నేను’ అనే ఐ ఎక్కడున్నా పెద్దదే. ఎందుకండీ అంటే, “అదంతే, రాయి” అనేవారు. తప్పుకు అర మార్కు తెగేది. ఆ అర మార్కు భయంతో మా క్లాసులో ఒకడు కనిపించిన ప్రతి మాటకూ పెద్దక్షరం తగిలించి, ఏదో ఒకటి తగలకపోతుందా అని ధీమాగా ఉండేవాడు. వాడికి ఎప్పుడూ సున్నాయే. 18వ శతాబ్దంలో పుట్టి ఉంటే గట్టెక్కేవాడు. అప్పటి ఇంగ్లీషువాళ్ళు నామవాచకం ఎదురైతే చాలు, పెద్దక్షరం పెట్టేవారు. 1787 నాటి అమెరికా రాజ్యాంగం మూలప్రతి నిండా అవే. జర్మన్లు ఇప్పటికీ మానలేదు. కుర్చీ, కుక్క, ఉల్లిపాయ, అన్నిటికీ పెద్దక్షరమే. మావాడు పుట్టవలసిన చోట పుట్టలేదు, అంతే.

ఇది వ్యాకరణం కాదు, ప్రోటోకాల్ అని నాకు జ్ఞానోదయమైంది ఆఫీసులో. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పైకి పోయే నోటు ఒకటి టైపు చేసి సూపరింటెండెంటు గారి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి ఎర్ర ఇంకు పెన్ను తీశారు.

“కలెక్టరుకు చిన్న సి పెట్టావేంటయ్యా?”

“పేరు లేకుండా ఉత్త పదవి వస్తే చిన్నక్షరమే పెట్టాలని పుస్తకంలో ఉంది సార్. పేరుకు ముందు వస్తేనే పెద్దది.”

“ఆ పుస్తకం రాసినాయన మన ఆఫీసులో పనిచేశాడా?”

“లేదు సార్.”

“మరి? ఈ ఫైలు చూసేది కలెక్టరు గారు. పుస్తకం కాదు.”

అక్కణ్ణించి ఎర్ర ఇంకు ఏరులై పారింది. కలెక్టరుకు పెద్దక్షరం. జాయింట్ కలెక్టరుకు రెండు. మీటింగుకు పెద్దది, ఎందుకంటే కలెక్టరు గారు వస్తున్నారు. ఆయన ఎక్కి వచ్చే వాహనానికీ పెద్దదే. ‘దిగువ సంతకం చేసినవారు’ అని ప్రతి ప్రభుత్వ కాగితంలోనూ ఒక శాల్తీ ఉంటుంది చూశారా, దానికి తప్పకుండా పెద్దక్షరం, ఆ శాల్తీ మా ఆఫీసరు గారే గనక. చివరికి టీ, బిస్కెట్ల ఖర్చు దగ్గరికి వచ్చాం. అక్కడ అటెండరుకు నేను పెద్ద ఎ పెట్టి ఉంచాను. అందరికీ ఉంది కదా, పాపం వాడొక్కడికే లేకపోతే బాగుండదని. సూపరింటెండెంటు గారు దాన్ని కొట్టేసి చిన్నది చేశారు. “వాడికెందుకయ్యా?” అన్నారు. అందులో కోపం లేదు, ఇంకు దండగ అన్న బాధ తప్ప.

ఆ రోజు నుంచి పెద్దక్షరం కనిపించినప్పుడల్లా, దీని వెనక ఉన్న ఆఫీసరు ఎవరా అని వెతకడం నాకు అలవాటైంది. పేర్లకు పెద్దక్షరం అన్న సూత్రమే తీసుకోండి. ఏది పేరో తేల్చేదెవరు? తూర్పు గోదావరి జిల్లాలో తూర్పుకు పెద్దక్షరం, అది జిల్లా పేరులో ముక్క గనక. గోదావరికి తూర్పున మా తోట ఉంది అంటే ఆ తూర్పు చిన్నది. సూర్యుడికి ఈ సర్క్యులర్ అందినట్టు లేదు, రెండు తూర్పులకూ ఒకేచోట పొడుస్తున్నాడు.

వారాలకూ నెలలకూ పెద్దక్షరం, ఋతువులకు చిన్నది. అంటే మే నెల పెద్దమనిషి, ఎండాకాలం అనామకురాలు. ఈ సూత్రం చేసినవాడిది చలిదేశమని వేరే చెప్పాలా? విజయవాడలో ఒక్క వేసవి గడిపి ఉంటే ఎండాకాలంలో ప్రతి అక్షరాన్నీ పెద్దదే రాసేవాడు.

దేవుడి దగ్గరా ఇదే పేచీ. దేవుడు ఒక్కడే అంటే పెద్ద జి. చాలామంది అంటే చిన్న జి. మన ముక్కోటి దేవతలూ ఏకమొత్తంగా చిన్నక్షరం కింద పడ్డారు. విడివిడిగా వెళ్ళి వెంకటేశ్వరస్వామి, కనకదుర్గమ్మ అని పేరు నమోదు చేయించుకుంటే తప్ప ఆ హోదా దక్కదు.

మామిడికి జరిగింది ఇంకా ఘోరం. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దానికి అచ్చువేసిన శాస్త్రీయ నామం మాంజిఫెరా ఇండికా. ఈ జంట పేర్లలో మొదటి మాటకు పెద్దక్షరం, రెండోది ఎంత గొప్పదైనా చిన్నక్షరం అన్నది ఇప్పటి శాస్త్రజ్ఞుల ఆనవాయితీ. ఆ రెండో మాటలో ఉన్నది మన దేశం! ప్రపంచపటంలో పెద్ద ఐ తో వెలిగే దేశం మామిడిచెట్టు కిందికి వచ్చేసరికి చిన్న ఐ అయింది. దీని మీద ఎవరూ ధర్నా చెయ్యలేదంటే కారణం, నోట్లో బంగినపల్లి ముక్క ఉన్నవాడు నినాదాలివ్వలేడు.

ఇక ‘నేను’. ఇంగ్లీషువాడు తన్ను పెద్దక్షరంతో రాసుకుని ఎదుటివాణ్ణి చిన్నక్షరంతో సరిపెడతాడు. మనం ఎదుటివారిని మీరు అని బహువచనం చేసి, పేరు చివర గారు తగిలించి, మనం మాత్రం ఏకవచనంలో సర్దుకుంటాం. జర్మన్లు కూడా ‘నేను’ను చిన్నక్షరంతో, మర్యాదగా పిలిచే ‘మీరు’ను పెద్దక్షరంతో రాస్తారు. అందుకని ఇంగ్లీషువాడి అహంకారం మీద ఉపన్యాసం దంచేవాళ్ళున్నారు. సభలో చప్పట్లు బాగా పడతాయి గాని, సంగతి అంత ఘనమైంది కాదు. పాతకాలంలో ఆ మాటకు వెనక ఇంకా అక్షరాలుండేవి. అవి అరిగిపోయి ఒంటి ఐ మిగిలింది. చేతిరాత ప్రతుల్లో ఆ చిన్న గీత పక్క మాటల్లో పడి కనిపించకుండా పోతోందని రాసేవాళ్ళు దాన్ని పొడుగు చేశారు. తిరునాళ్ళలో పిల్లవాణ్ణి భుజం మీదికి ఎత్తుకున్నారన్న మాట.

అసలు రోమన్లకు ఉన్నవన్నీ పెద్దవే. రాతి మీద ఉలితో చెక్కడానికి అవి అనువు. తోలు కాగితాల మీద గబగబా రాసే లేఖకుల చేతిలో చిన్నవి రూపు కట్టాయి. 8వ శతాబ్దం చివర షార్లమేన్ చక్రవర్తి హయాంలో వాటికి ఒక పద్ధతి ఏర్పడింది. అప్పర్ కేస్, లోవర్ కేస్ అన్నవి అచ్చాఫీసు పేర్లు. కంపోజిటరు ముందు సీసపు అక్షరాల చెక్క కేసులు రెండుండేవి. ఎక్కువగా వాడే చిన్నవి చేతికి అందేలా కింది కేసులో, అప్పుడప్పుడూ వాడే పెద్దవి పై కేసులో. మా ఆఫీసు అంతస్తులూ అచ్చంగా ఇలాగే ఉన్నాయి. పని జరిగేది కింద.

పోనీ ఇంగ్లీషువాళ్ళకైనా దీని మీద ఒక మాట ఉందా అంటే లేదు. శీర్షికల సంగతి చూడండి. అమెరికా పత్రికలు పాటించే అసోసియేటెడ్ ప్రెస్ నియమం ప్రకారం నాలుగు అక్షరాలున్న ‘విత్’కు పుస్తకం పేరులో పెద్దక్షరం. పుస్తకాలవాళ్ళు పాటించే షికాగో మాన్యువల్ ప్రకారం చిన్నది. ఆ షికాగో వాళ్ళే 2024లో కొత్త కూర్పు తెచ్చి, ఇలాంటి విభక్తి మాటలకు అయిదక్షరాలుంటే ప్రమోషన్ ఇవ్వొచ్చన్నారు. ‘విత్’ ఒక్క అక్షరం తేడాతో పోయింది. గ్రూప్ వన్ రాసినవాళ్ళకు ఆ బాధ తెలుస్తుంది. ఇంటర్నెట్‌ది మరీ జాలికథ. పెద్ద ఐ తో పుట్టి, ప్రపంచాన్నంతా గుప్పిట్లో పెట్టుకున్నాక, 2016లో అసోసియేటెడ్ ప్రెస్ వారు దాన్ని చిన్నక్షరానికి దించారు. ఇంతమందికి తెలిసినదానికి ఇంకా హోదా ఎందుకని కాబోలు.

మన దరఖాస్తు ఫారాలు మాత్రం ఈ గొడవనంతా ఒక్క ముక్కలో తేల్చేశాయి: ‘బ్లాక్ లెటర్స్‌లో నింపవలెను’. గడికో అక్షరం, అన్నీ పెద్దవే. ఏళ్ళ తరబడి అర మార్కులు పోగొట్టుకుని నేర్చిన విద్యతో అక్కడ పనే లేదు. మా పెదనాన్న జీవితమంతా ఆ ఫారాలు నింపారు. ఇప్పుడు ఫోన్లో కూడా అదే దస్తూరీ. డాలస్‌లో ఉన్న మనవరాలికి పుట్టినరోజు నాడు, బాగా చదువుకో, వేళకు తిను అని ఇంగ్లీషులో పంపారు, అన్నీ పెద్దక్షరాలే. ఆ పిల్ల బిక్కమొహంతో తల్లి దగ్గరికి వెళ్ళి, “అమ్మా, తాతయ్యకు నా మీద ఎందుకంత కోపం?” అందట. ఈ కాలపు మర్యాదలో పెద్దక్షరాలతో రాయడమంటే కేకలెయ్యడం. ఆ ముక్క పెదనాన్నకు చెప్పాను.

“అమెరికా దాకా వినపడాలంటే ఆ మాత్రం గట్టిగా ఉండొద్దురా?” అన్నారు.

మనవరాలు అసలు పెద్దక్షరమే వాడదు. ఫోను తనంతట తాను పెడుతుంటే, ఆ ఏర్పాటును ఆపించి మరీ చిన్నవాటితో రాస్తుంది. పెద్దక్షరంతో మొదలై చుక్కతో ముగిసిన వాక్యం పంపితే స్నేహితులు అలిగిందనుకుంటారట.

తెలుగువాళ్ళం పెద్దక్షరాలతో ఊరికే వేగడమే కాదు, వాటి చేత చాకిరీ కూడా చేయించాం. 1990లలో, ఇంటర్నెట్‌లో తెలుగు లిపి దొరకని రోజుల్లో, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఆర్.టి.ఎస్. అనే పద్ధతి వాడుకలోకి వచ్చింది. అందులో చిన్న టి అంటే త, పెద్ద టి అంటే ట. చిన్న డి ద, పెద్ద డి డ. చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. పాతకూ పాటకూ, గదికీ గడికీ, కలకూ కళకూ తేడా అంతా ఒక్క అక్షరం ఎత్తులో ఉండేది. ఆ పద్ధతిలో ఘంటసాల అని రాస్తే మొదటి అక్షరం చిన్నది. నడుమ సున్నకొక పెద్ద ఎమ్, ట కొక పెద్ద టి నిటారుగా నిలబడతాయి. మా మాస్టారు చూసి ఉంటే అర మార్కులు తెగ్గొట్టీ తెగ్గొట్టీ బాకీ తేల్చేవారు. నన్నడిగితే పెద్దక్షరాలను ఇంత ఉపయోగంగా ఇంగ్లీషువాళ్ళు కూడా వాడలేదు. హోదా లేదు, నాలుక మడత పెట్టడమే డ్యూటీ.

కొలతల్లో మాత్రం నవ్వులాట లేదు. జేమ్స్ వాట్ మనిషిగా పెద్దక్షరం. ఆయన పేరు మీద వచ్చిన వాట్‌ను పూర్తిగా రాస్తే చిన్నక్షరం, ఒంటి అక్షరంతో రాస్తే మళ్ళీ పెద్దది. మనిషి పేరున్న కొలతకే సంకేతంలో ఆ గౌరవం. లీటరు ఎవరి పేరూ కాదు గనక దానికి చిన్న ఎల్ గతి. అదేమో ఒకటి అంకెలా కనిపిస్తుంది. 1978లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వెలువరించే కెమిస్ట్రీ టీచర్ల పత్రికలో, లీటర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తను సృష్టించి, వైన్ సీసాలు చేసే ఇంట్లో పుట్టాడని ఆయన జీవితచరిత్ర అచ్చువేశారు. సరదాకే. నిజమని నమ్మినవాళ్ళూ ఉన్నారు. మరుసటి ఏడు కొలతల అంతర్జాతీయ మహాసభ, మనిషి లేకపోయినా పర్వాలేదు, పెద్ద ఎల్ వాడుకోవచ్చని ఒప్పుకుంది. లేని మనిషిని చూపించి మంజూరు చేయించుకోవడం మన ఆఫీసుల్లోనే ఉందనుకున్నాను.

మెగాకు పెద్ద ఎమ్, మిల్లీకి చిన్న ఎమ్. రామగుండం ఎన్టీపీసీ థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లు. ఆ ఎమ్ చిన్నదైతే 2.6 వాట్లు, పాతకాలపు జీరో బల్బు కూడా సరిగ్గా వెలగదు. తేడా వంద కోట్ల రెట్లు. కరెంటు లెక్కలు టైపు చేసే మిత్రులు కలెక్టరు గారి సి ఎలా రాసినా ఆ ఎమ్‌ను మాత్రం కళ్ళు పెట్టుకుని చూడండి.

కిలోగ్రాముకు కె చిన్నదే, జి చిన్నదే. పెద్ద కె అంటే కెల్విన్, అది ఉష్ణోగ్రత కొలత. మన కూరగాయల బళ్ళ మీద పలకల్లో రెండూ పెద్దవే కనిపిస్తాయి. సుద్దముక్క అడిగి దిద్దే పని పెట్టుకోకండి. ముందు తూకం చూసుకోండి.