చెవి పెట్టి వినరా బిడ్డా

పాత ఫిల్మ్ కెమెరా కొంటున్నవని దాని ఫొటో ఫోన్ల పంపి, "పనిచేస్తదా తాతా?" అంటవు. ఫొటో జూసి ఎట్ల చెప్పాలెరా? మా రోజుల్ల పరకాల నుంచి బస్సెక్కి హన్మకొండకు పోయి, స్టూడియోల కూసొని, చాయ తాగుకుంట కెమెరాను తిప్పితిప్పి చూసేటోళ్లం. ముందుగాల చెవికి పెట్టుకునేటోళ్లం. మీకేమో ప్రతిదానికీ తొందర.

రోలు లేకుంట వెనక తలుపు తెరువు. స్పీడు ఒక సెకండుకు పెట్టి నొక్కు. నువ్వు "ఒకటి" అని నిమ్మళంగ అనేదాక షట్టరు తెరుసుకొని ఉండాలె. లోపల గ్రీజు ఎండి జిగటైతే ముందుగాల మొరాయించేది ఈ నెమ్మది స్పీడ్లే. తర్వాత 30, 60, 125. చప్పుడు ఒకదానికంటె ఒకటి పొట్టిగ కావాలె.

యాషికా మ్యాట్ 124జి అని ఉండేది, 1970 నుంచి 1986 దాక తయారు చేసిండ్రు. నడుము కాడ పట్టుకొని, తల వంచి చూసి తీసేది. రోలుకు పన్నెండే ఫొటోలు. జీలకర్రబెల్లం కాడ ఎన్ని తీయాలె, పుస్తె కట్టేటప్పటికి ఎన్ని మిగలాలె అని పెండ్లి ఫొటోగ్రాఫర్ మనసుల లెక్క ఏసుకునేటోడు. ఇప్పుడు అప్పగింతలకే వెయ్యి ఫొటోలు. ఒక్కటన్న గోడకెక్కుతదా?

సరే, ఎటో పోయిన. లెన్సుకు వెనకనుంచి టార్చి కొట్టు. సాలెగూడు లెక్క సన్నపోగులుంటే అది బూజు. తోలు కవరు మా కాలపు అందమే, గని చెమ్మ పీల్చేది కూడ అదే, ఆ మాట ఒప్పుకోవాలె. తలుపు అంచున నల్లటి స్పాంజి వేలికి అంటుకుంటే మార్పియ్యాలె. సెల్లు గూట్ల పచ్చటి చిలుము చూడు. పెంటాక్స్ కె1000 అయితే కొత్త సెల్లేసి కిటికీ దిక్కు, మూల దిక్కు తిప్పు. ముల్లు కదలాలె. దానికి మీటరు బంద్ చేసే బటనే లేదు, లెన్సుకు మూత పెట్టుడే.

ఆఖర్న ఒక రోలు తియ్యి. మాకు ఊటీల హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ తయారుచేసిన 'ఇందు' రోలు ఉండేది. నువ్వు దొరికింది కొనుక్కొని, పొద్దుగాల మన పరకాల అమరధామం కాడికి పో. 1947 సెప్టెంబర్ 2 నాటి కాల్పుల్ల పానాలిచ్చినోళ్ల యాదిల కట్టింది గద, ఆ శిల్పాలు ఏటవాలు ఎండల తియ్యి. ఏ ఫొటోకు ఏ స్పీడు పెట్టినవో కాయితం మీద రాసుకో.

రోలు కడిగినంక నెగటివ్ అంచుల్ల నల్ల చారలుంటే వెలుతురు జొరబడుతున్నట్టు. ఫొటోల నడుమ సందు తేడాగుంటే రోలు సక్కగ జరుగుతలేనట్టు. రెండూ లేకుంటే మాత్రం, అమ్మినోడు వచ్చి ఇంతకింత ఇస్తనన్నా మళ్ల ఇయ్యకు.